చుట్టం రాకిన రంపం

రాజం చేతి కింద కోత వంకర పోయిందంటే జడ్చర్లలో ఒక్కడూ నమ్మేవాడు కాదు. నమ్మకపోగా చెప్పినవాడినే ఎగాదిగా చూసేవారు. అలాంటి పేరు ఆయనది. అంత పేరూ కొద్దిరోజుల్లో మట్టికొట్టుకుపోయింది. పోగొట్టినవాడు పగవాడైతే ఇంతగా చెప్పుకోవాల్సిన పని లేదు. పగవాడు పగవాడి పనే చేస్తాడు, నాలుగు తిట్లు తిట్టుకుని అన్నం తింటాం. ఇది ఇంట్లోవాళ్ళ పని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే, అట్లా అయింది.

రాజం పుట్టింది దేవరకొండ దగ్గరి ఒక సాలెవాడలో. గుంత మగ్గం చప్పుడు వింటూ పెరిగాడు, మీసం రాకముందే మగ్గం మీద కూర్చున్నాడు. పోలీసు యాక్షన్ గొడవలన్నీ సద్దుమణిగి, ఇక నిమ్మళంగా బతుకుదాం అనుకునే వేళకు నూలు రావడం తగ్గింది, నేసిన బట్ట కొనేవాళ్ళూ తగ్గారు. మిల్లు చీర సన్నగా, చవగ్గా, పువ్వులేసుకుని అంగట్లోకి దిగితే సాలెవాడి ముతక చీర వంక చూసేదెవరు? మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఎన్నాళ్ళని ఎదురుచూస్తాడు? భార్య లీలమ్మను పుట్టింట్లో దిగబెట్టి, జడ్చర్ల రైలు స్టేషన్ పక్కనున్న కట్టెకోత మిల్లులో దుంగలు మోసే కూలికి చేరాడు.

మగ్గం మీద నుంచి లేచినవాడిని కులం ఊరికే వదులుతుందా? పెళ్ళికి పోయినా, చావుకు పోయినా ఎవడో ఒకడు అననే అనేవాడు.

"ఏం రాజం, మగ్గం నాడె ఇడిసి రంపం పట్టినవట. రేపు నీ బిడ్డను వడ్లోళ్ళ ఇంట్ల ఇస్తవా ఏంది?"

అందరూ నవ్వేవారు. రాజం కూడా నవ్వేవాడు. కానీ ఇంటికి వచ్చాక ఆ మాట అన్నం ముద్దతో పాటు గొంతులో అడ్డం పడేది.

మిల్లులో పెద్ద మిషన్ ఒకటుండేది. కింద ఒక ఇనుప చక్రం, పైన ఒక ఇనుప చక్రం, ఆ రెండింటి మీద గుండ్రంగా తిరిగే ఉక్కు రంపం. దాన్ని అందరూ పట్టా అనేవారు. ఆయిలు ఇంజను చక్రాలను తిప్పుతుంటే, ట్రాలీ మీద దుంగను పెట్టి పట్టాకు ఎదురు నెట్టడమే. ఎంత లావు దుంగైనా పలకలు పలకలుగా విడిపోయేది. దాని మిస్త్రీ ఇస్రాయేలు. నోరు దురుసు, చెయ్యి మెత్తన. కూలీలంతా అన్నం గిన్నెలు ముందేసుకుని ముచ్చట్లు పెడుతుంటే, కొత్తగా వచ్చిన సాలాయన ఒక్కడు పట్టా వంక చూస్తూ కూర్చోవడం ఆ ముసలాయన కంట్లో పడింది.

"ఏం సూస్తున్నవ్ గట్ల?"

"పడుగు లెక్కనే ఉన్నది ఉస్తాద్. బిగువుంటెనే చెప్పినట్టు ఇనేటట్టున్నది."

"సగమే తెలిసింది నీకు," అన్నాడు ఇస్రాయేలు. "తతిమ్మ సగం నేను చెప్త, రా."

ఆ సగం నేర్చుకోవడానికి రాజానికి ఏళ్ళు పట్టింది. కోత తిన్నగా పోవాలంటే బిగువొక్కటే చాలదు. పట్టాకుండే పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంగి ఉంటాయి. రెండు పక్కలా ఒకే పదును ఉండాలి. బండికి కట్టిన ఎడ్లలో ఒకటి బలంగా, ఒకటి నీరసంగా ఉంటే బండి పక్కకు పోయినట్టే, పదును ఏ పక్క ఎక్కువుంటే కోత ఆ పక్కకు గుంజుకుపోతుంది. దానికి మందు కూడా ముసలాయనే నేర్పాడు. ఏ పక్కకు గుంజుతోందో ఆ పక్క పళ్ళకు సానరాయిని ఊరికే అలా తగిలించాలి. పదును సరిపోతుంది, కోత దారికొస్తుంది. "జెర తాకిచ్చుడే. ఎక్కువ రుద్దితే మందే ఇసమైతది," అని హెచ్చరించాడు కూడా.

ఇస్రాయేలు కళ్ళకు పొర కమ్మాక, మిల్లు సావుకారు దగ్గరికి తనే పోయి రాజం పేరు చెప్పి, రైలుగేటు అవతల తన ఇంట్లో కూర్చున్నాడు. అలా సాలె రాజం కాస్తా రాజం మిస్త్రీ అయ్యాడు. లీలమ్మను తెచ్చుకుని రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఆయన కోసిన పలకలకు వడ్లవాళ్ళు చిత్రిక పట్టే పని సగం తప్పేది. రాజం కోత ఉందా అని అడిగి మరీ కొనేవారు.

సరే, తాను కుదురుకున్నాడు, తన మానాన తాను తిని పడుకోవచ్చుగా? అలాంటి మనిషి కాదు. లీలమ్మ చెల్లెలు రాజమణి మొగుడు మల్లేశం ఊళ్ళో ఖాళీ మగ్గం ముందు కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. పిల్లలు అంబలికి కూడా ఏడుస్తున్నారు. లీలమ్మ నోరు తెరిచి అడగకముందే రాజం పోయి సడ్డకుణ్ణీ, ఆ పిల్లనూ, పిల్లలనూ బండెక్కించుకుని వచ్చాడు. ఉన్న రెండు గదుల్లో ఒక గది వాళ్ళకిచ్చాడు. మల్లేశాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆకురాయి పట్టడం దగ్గర్నుంచి నేర్పించి, పట్టా పళ్ళు రాకే పనిలో పెట్టించాడు. మిల్లుకు రెండు పట్టాలు. ఒకటి మిషన్ మీద తిరుగుతుంటే ఇంకోటి షెడ్డులో మల్లేశం ముందు ఉండేది. తన దగ్గరున్న విద్యలో ఒక్క ముక్క దాచుకోకుండా, సానరాయి మందుతో సహా, అంతా చెప్పేశాడు. మంచితనానికైనా ఒక హద్దుండొద్దూ!

ఇక్కడ సాలెవాడ పద్ధతి ఒకటి చెప్పాలి. పడుగుకు గంజి పెట్టడం ఒక్క ఇంటితో అయ్యే పని కాదు. తెల్లవారుతూనే వీధి పొడవునా పడుగు చాపుతారు. చుట్టాలంతా చేరి గంజి రాసి, కుంచెతో దువ్వి, ఆరాక చుట్టి ఇస్తారు. అలా చుట్టం చుట్టి ఇచ్చిన పడుగును విప్పి చూడకూడదు. గంజి సరిగ్గా అంటిందా, పోగు తెగిందా అని వేలు పెట్టి చూశావంటే ఆ మనిషి ముఖాన ఉమ్మినంత పని. నేసేటప్పుడు లోపం కనబడితే కిక్కురుమనకుండా ముడి వేసుకోవాలి. ఆ పద్ధతి తప్పినవాడి ఇంటికి మళ్ళీ గంజి పెట్టడానికి ఎవరూ పోరు. రాజం మగ్గం వదిలాడు గానీ ఈ పద్ధతి వదల్లేదు. ఇస్రాయేలు పళ్ళు రాకిన రోజుల్లో ప్రతి పట్టాకూ గోరు తగిలించి చూసేవాడు, ముసలాయనే చూడమని తిట్టేవాడు. సడ్డకుడు రాకడం మొదలుపెట్టాక ఒక్కసారీ చూడలేదు. మల్లేశం ఇచ్చిన పట్టాను ఇచ్చినట్టే చక్రాల మీదికి ఎక్కించేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు దేవరకొండ బస్సు దిగి గండయ్య వచ్చాడు. రాజం ఊరి సాలెవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. పెళ్ళిళ్ళలో నవ్విన పెద్దమనుషుల్లో ఆయనదే గట్టి నవ్వు. గుంత మగ్గాలు తీసేసి కొత్తరకం ఫ్రేము మగ్గాలు పెట్టుకోవడానికి సంఘానికి సర్కారు సాయం మంజూరైందట. వాటికి టేకు కట్టె కోయించాలి. మగ్గం కాలు వెంట్రుకంత వంకర ఉన్నా బట్ట అంచు తిన్నగా రాదని సాలెవాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"హైద్రాబాదుల కోపిద్దామన్నరు అందరు," అన్నాడు గండయ్య. "నేనే వద్దన్న. మనోడు ఒకడున్నడు గద, వాని చేతుల పెడదాం అన్న. ఏమంటవ్ రాజం?"

రాజం చేతుల పొట్టు దులుపుకుని లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ తర్వాత 'మనోడు' అన్నారు. "కట్టె నాది కాదు, మిషన్ నాది కాదు, గాని కోత నాది పెద్దయ్యా," అన్నాడు. "ఒక్క కాలు వంకరున్నా నా ముఖం మీద కొట్టుండ్రి. మల్ల మన వాడలకు రాను."

ఆ రోజు లీలమ్మతో ఆ మాటే పదిసార్లు చెప్పుకున్నాడు. తాను నేయకపోయినా తాను కోసిన కట్టె మీద ఊరంతా నేస్తుంది. ఇక ఎవడు నవ్వుతాడో చూద్దాం అన్నాడు. పక్కగదిలో మల్లేశం కూడా విన్నాడు.

సంఘం కొన్న టేకు దుంగలు వచ్చాయి. మొదటి దుంగను ట్రాలీ మీదికి ఎక్కించి, జాజు పూసిన దారంతో గీత కొట్టాడు రాజం. ట్రాలీ నెట్టేవాడు కురుమయ్య. గొర్ల కాపరి, కరువులో మంద పోయి మిల్లుకొచ్చినవాడు. కోత మొదలైంది. జానెడు దూరం గీత మీదే పోయింది. తర్వాత కుడికి ఒరిగింది. రాజం ట్రాలీ ఆపించాడు, మళ్ళీ నెట్టించాడు. ఇంకా ఒరిగింది. చివరికి వచ్చిన పలక ఒక కొస మందంగా, ఒక కొస పలచగా, నడుము దగ్గర వంపు తిరిగి ఉంది.

"మిస్త్రీ, గిదేందే గిట్లొచ్చింది?" అన్నాడు కురుమయ్య. ఆ మాట ఇంతకుముందు ఆ మిల్లులో ఎవరూ రాజాన్ని అడిగి ఎరగరు.

రాజం మిషన్ మొత్తం విప్పినంత పని చేశాడు. చక్రాలు చూశాడు. పట్టాను కదలకుండా పట్టుకునే దిమ్మెలు మార్చాడు. ట్రాలీ నడిచే కమ్మీల కింద మట్టి గట్టిగా కొట్టించాడు. పట్టా మార్చి రెండోది ఎక్కించాడు. రెండో పట్టా కూడా కుడికే పోయింది. రెండు పట్టాలూ ఒకే తీరుగా పోతుంటే తప్పు పట్టాది ఎట్లా అవుతుంది? మిషన్‌ది కావాలి, లేదా తనది కావాలి. అలా అనుకున్నాడు పిచ్చివాడు.

అయినా మనసాగక, సిగ్గుపడుతూనే ఒకసారి షెడ్డులోకి పోయి అడిగాడు. "తమ్మీ, పండ్లు రెండు దిక్కుల సమంగనే రాకినవా?"

మల్లేశం చేతిలో ఆకురాయి కింద పెట్టేశాడు. "నా మీద అనుమానమానే అన్నా? అయితే నువ్వే చెయ్యి పెట్టి సూస్కో. ఇగో."

సూస్కో అన్నాక చూసే మనిషైతే ఈ కథే లేదు. రాజం నొచ్చుకున్నాడు. "అరె, గట్లెందుకంటవ్ తమ్మీ, నా మతి మంచిగలేక అడిగిన," అని వాడి భుజం మీద చెయ్యి వేసి బతిమాలి వచ్చాడు.

ఇక మిగిలింది తనకు చిన్నప్పటి నుంచి తెలిసిన మందు ఒక్కటే. బట్ట పక్కకు పోతుంటే సాలెవాడు ఏం చేస్తాడు? పడుగు బిగిస్తాడు. రాజం పై చక్రాన్ని ఎత్తే మరను బిగించాడు. కోత కొంచెం దారికి వచ్చినట్టే అనిపించింది. ఇంకా బిగించాడు. పట్టా తిరిగే చప్పుడు మారింది, సన్నగా కీచుమనడం మొదలుపెట్టింది. తెలిసినవాడు అక్కడ ఆగిపోతాడు. ఆయనా తెలిసినవాడే. కానీ దుంగ తర్వాత దుంగ పాడవుతోంది, గండయ్య వస్తానన్న రోజు దగ్గర పడుతోంది. ఇంకొక్క తిప్పు తిప్పాడు.

దుంగ సగంలో ఉండగా పట్టా తెగింది. తుపాకీ పేలినట్టు చప్పుడు, ఆ వెంటనే కురుమయ్య కేక. తెగిన కొస ఎగిరి ఆయన ఎడమచేతిని మణికట్టు పైన కోసేసింది. భుజం మీద గొంగడి ఉండబట్టి మెడ దక్కింది. బండి మీద వేసుకుని దవాఖానకు పరుగెత్తారు. గాయమైతే మానింది గానీ నరం తెగి ఆ చేతి వేళ్ళు ముడుచుకోకుండా అయిపోయాయి. గొర్రెను పట్టుకోవాలన్నా, ట్రాలీ నెట్టాలన్నా ఇక ఒక్క చెయ్యే.

సావుకారు రాజాన్ని అందరి ముందూ నిలబెట్టాడు. అరవలేదు, అరిచినా బాగుండేది. "నీకు కండ్లు మందగించినయా రాజం? గంత బిగిస్తే తెగుతదని కూలోనికి కూడా ఎరికే గద," అన్నాడు. "మిషన్ల తప్పున్నదంటవ్, పట్టాల తప్పున్నదంటవ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. జర దిగు నువ్వు. మీ సడ్డకుడు నడుపుతనంటున్నడు."

మర్నాడు మల్లేశం మిషన్ ముందు నిలబడ్డాడు. కొత్త పట్టా ఎక్కించాడు. దుంగ గీత మీద మొదలై గీత మీదే ముగిసింది. రెండో దుంగ, మూడోది, అన్నీ దారం పట్టి లాగినట్టు వచ్చాయి. రాజం పొట్టు ఎత్తే తట్ట నెత్తిన పెట్టుకుని అదంతా చూశాడు. ఏడ్చాడా? లేదు. సంతోషపడ్డాడు! నా తప్పే అన్నమాట, నా కండ్లే పోయినట్టున్నయి, పోనీ మా తమ్ముడన్నా సంఘం మాట నిలబెట్టిండు అనుకున్నాడు. ఇంటికి పోయి లీలమ్మతో అదే అన్నాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తూ కూర్చుంది.

గండయ్య వచ్చాడు. కట్టెనంతా కంటితో గురిపెట్టి చూసుకున్నాడు, తలాడించాడు. మల్లేశం వీపు తట్టి, "నువ్వు నిలబెట్టినవ్ బిడ్డా మన కులం పరువు," అన్నాడు. పొట్టు తట్ట పక్కన నిలబడ్డ రాజం వంక తిరిగి, "నిన్ను నమ్మి నేను సగం కట్టె పాడు చేసుకున్న. మన వాడల నా ముఖం నేను ఎట్ల సూపెట్టుకోవాలె?" అన్నాడు. రాజం తట్ట నెత్తికెత్తుకుని పొట్టు కుప్ప వైపు పోయాడు.

తెగిన పట్టా ముక్కలను పాత ఇనుములో పారేశారు. అందులోంచి ఒక మూరెడు ముక్క తీసుకుని రాజం రైలుగేటు దాటి ఇస్రాయేలు ఇంటికి పోయాడు. తన తప్పు ఎక్కడ జరిగిందో ఉస్తాద్ నోటితో విని, నాలుగు తిట్లు తిని వద్దామని పోయాడు, అంతే. ముసలాయనకు కళ్ళు కనిపించవు. ముక్కను ఒళ్ళో పెట్టుకుని బొటనవేలి గోరు ఒక పక్క పళ్ళ మీద జరిపాడు. గోరు గీరుకుపోయింది. రెండో పక్క జరిపాడు. గోరు జారిపోయింది.

మళ్ళీ జరిపాడు. ముఖం మారింది.

"ఒక దిక్కు కత్తి, ఒక దిక్కు బండ," అన్నాడు. "గిది కట్టె కోసి అరిగిన అరుగుడు కాదు బిడ్డా. ఎడమ దిక్కు సానరాయి పెట్టి రుద్దిండ్రు. మొత్తం రుద్దిండ్రు. నేను నీకు నేర్పిన మందే గిది. రోగం లేనోనికి తాగిపిచ్చిండ్రు."

రాజం ముక్క మీద తన గోరు జరిపి చూశాడు.

"నువ్వు గోరు పెట్టి సూడలేదా?"

"మా సడ్డకుడు రాకింది ఉస్తాద్... ఎట్ల సూడాలె?"

ఇస్రాయేలు ముక్కను ఆయన చేతిలో పెట్టాడు. "రంపానికి చుట్టరికం తెల్వదు రాజం," అన్నాడు. తర్వాత చేతికర్ర కోసం తడుముకున్నాడు. "నడువు, నేనొస్త. సావుకారు ముంగట నేను చెప్త."

"వద్దు ఉస్తాద్. ముందుగాల నేను అడుగుత," అని రాజం లేచాడు.

మల్లేశం మిల్లు వెనక టేకు దుంగల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. రాజం పట్టా ముక్కను ముందు పడేశాడు. మల్లేశం చూశాడు. బుకాయిస్తాడేమో, కాళ్ళ మీద పడతాడేమో అని రాజం అనుకుంటూ వచ్చాడు. ఆ రెండింటికీ మనసు సిద్ధం చేసుకున్నాడు కూడా. మల్లేశం బీడీ పారేసి నిదానంగా మాట్లాడాడు.

"అవునే, నేనే చేసిన. ఎన్నేండ్లు నీ ఎనుక రాక్కుంట కూసోవాలె? నా పేరేందో ఈ మిల్లుల ఎవ్వనికన్న ఎరికేనా? రాజం సడ్డకుడు, రాజం సడ్డకుడు. నాకు పేరు లేదా?"

"నిన్ను నేను తెస్తినిరా. నా గది నీకిస్తి."

"తెచ్చినవ్. ఎవ్వరు కాదన్నరు? దినాం అదే ఇనుకుంట ఉండాల్నా?" వాడు పారేసిన బీడీని కాలితో నలిపాడు, కోపమో సిగ్గో. "కురుమయ్యకు గట్లయితదని నేననుకోలె. నువ్వు గంత బిగిస్తవని నాకేం ఎరికె? నువ్వు ఒక్కసారి గోరు పెట్టి సూసినా నేను దొరికిపోదును. సూడవని నాకెరికె. నువ్వు సూడవు గనుకనే చేసిన."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ ఇంటివాడి మర్యాదనే తాళంచెవి చేసుకున్నాడు. రాజం చెయ్యెత్తాడు. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి దించుతుండగా మల్లేశం ఇంకో మాట అన్నాడు.

"నన్నొక్కన్నే అంటవేంది? వదినెకు కూడ ఎరికే. పోయి అడుగు."

అడగడానికి కాదు, వాడు అబద్ధమాడాడని రుజువు చేసుకోవడానికి ఇంటికి పోయాడు రాజం. లీలమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఆయన ముఖం చూసి చాట కింద పెట్టింది. పక్కగదిలో రాజమణి పిల్లలు ఏడుస్తున్నారు.

"మల్లేశం పండ్లు పాడు చేసిన సంగతి నీకెరికెనా?"

ఎరగనని ఒక్క మాట అని ఉంటే ఆయన నమ్మేవాడు. ఈ లోకంలో ఆమె మాట నమ్మినట్టు ఇంకెవరి మాటా నమ్మేవాడు కాదు. ఆమె తల వంచుకుంది.

"మొదలు దుంగ వంకరవోయిన నాడే చెల్లె వచ్చి నా కాళ్ళ మీద పడి ఏడిసింది. మల్లేశానికి మిస్త్రీ పని దొరకకుంటే దాన్ని, పిల్లలను ఇడిసిపెట్టి భీవండి మగ్గాలకు పోతనన్నడట. పోయినోడు మల్ల వస్తడా? దానికెవరున్నరు? నీ చేతిల విద్దె ఉన్నది, యాడికి పోయినా బతుకుతవు, నన్ను బతికిస్తవు. అది బతకలేదు. గందుకే..."

"పట్టా తెగకముందే ఎరికె నీకు."

"ఎరికె."

"ఒక్క మాట చెప్తే నేను బిగించకపోదును గదనే. కురుమయ్య చెయ్యి పోకపోవును."

లీలమ్మ ఏడుస్తోంది ఇప్పుడు. ఏడుపులోనే అన్నది. "చెయ్యి పోతదని నాకెట్ల ఎరికె? నీ పేరు పోతదనుకున్న. పేరే గద అనుకున్న."

రాజం అరుగు మీద కూర్చున్నాడు. ఆమె మనసులో చెడేమీ లేదు. చెల్లెలి కాపురాన్ని ఒక పక్క, మొగుడి పేరును ఒక పక్క పెట్టి చూసుకుంది, మొగుడి పేరు తేలికని తేల్చుకుంది. గండయ్య మనోడు అన్ననాడు తాను ఎట్లా పొంగిపోయి పదిసార్లు చెప్పాడో అంతా ఆమె ముందే చెప్పాడు. విన్నది కూడా. విని కూడా తేలికే అనుకుంది. మల్లేశం చేసిందానికి తిట్లున్నాయి, పోలీసులున్నారు, సావుకారున్నాడు. దీనికి ఎవరున్నారు?

మర్నాడు సావుకారు దగ్గరికి పోయాడు. గది గుమ్మం దాకా పోయాడు. లోపల మల్లేశంతో సావుకారు నవ్వుతూ మాట్లాడుతున్నాడు. చెప్పడానికి ఎంతసేపు? కానీ చెబితే రాజమణి సంగతి వస్తుంది, ఆ వెనకే లీలమ్మ సంగతీ వస్తుంది. మా ఇంటిదానికి ముందే తెలుసు, నాకు చెప్పలేదు అని బజార్లో నిలబడి ఏ మొగుడు చెబుతాడు? గుమ్మం దగ్గర్నుంచే తిరిగి, ఉస్తాద్‌ను కూడా ఊరుకోమని బతిమాలి, కురుమయ్య ఇంటికి పోయాడు. ఆయనకు మాత్రం జరిగిందంతా చెప్పాడు. కురుమయ్య ముడుచుకోని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "నువ్వయితే కావాలని చెయ్యలేదు గద," అన్నాడు. జడ్చర్లలో రాజానికి దక్కిన న్యాయం అంతే.

ఆ నెలలోనే లీలమ్మను తీసుకుని కేతేపల్లి దిక్కు పోయాడు. అక్కడ మూసీ ప్రాజెక్టు పనులు నడుస్తున్నాయి, చేత్తో కట్టె కోసేవాళ్ళకు గిరాకీ ఉంది. చేతి రంపం పట్టి కూలికి కోశాడు. కాపురం చేశాడు. పిల్లలను పెంచాడు. లీలమ్మను ఒక్కనాడు కొట్టలేదు, తిట్టలేదు, ఆ సంగతి ఎత్తలేదు. జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయి పక్కనే కూర్చున్నాడు. కానీ పని నుంచి వచ్చి ఆనాటి సంగతులు చెప్పుకునే అలవాటొకటి ఉండేది ఆయనకు. అది పోయింది. ఆమె అడిగితే, "ఏమున్నది, కోసిన," అనేవాడు.

కొన్నేళ్ళకు ఒక పడుచువాడు లారీ మీద కట్టె వేసుకుని జడ్చర్ల నుంచి వచ్చాడు. దించుతూ దించుతూ ఇంటి ముందు రంపానికి పదును పెట్టుకుంటున్న మనిషిని చూశాడు. పేరు ఎవరో చెప్పినట్టున్నారు, సంబరంగా దగ్గరికి వచ్చాడు.

"జడ్చర్ల మిల్లుల పట్టా నడిపిన రాజం మిస్త్రీ నువ్వేనటగా పెద్దయ్యా? మా బాపు వడ్ల పని చేస్తడు. నీ కోత అసొంటి కోత మల్ల సూడలేదని ఇప్పటికి జెప్తడు."

రాజం ఆకురాయి ఆపాడు. ఆ పడుచువాడి ముఖంలోకి చూశాడు.

"కాదు బిడ్డా. ఆ రాజం వేరే," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ లీలమ్మ విన్నది. ఆయనే అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. రాజం తలెత్తి ఆమె వంక చూశాడు. ఆమె ఆనాడు మూసుకున్నట్టే నోరు మూసుకుంది.